పేర్లు పోయిన పాటలు

హనుమండ్లు ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు నోరు తెరిచేది ఆయన సెల్‌ఫోను. షుగర్ ముదిరి ఆయన చూపు పోయినప్పటి నుంచి ఇదే వరస. ఫోను తెర మీద ఆయన వేలు ఎక్కడ తగిలితే అక్కడ ఏముందో అందులోని ఆడగొంతు చదివి చెబుతుంది. ఆ గొంతంటే ఆయన భార్య లస్మవ్వకు గిట్టదు. "పెండ్లైన సంది నేను చెప్పింది ఒక్కటి ఇనలే, దాని మాట మాత్రం తల వంచి ఇంటడు" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషితో సహా, చెప్పుకుంటుంది.

హనుమండ్లు ఒకప్పుడు కరీంనగర్ చుట్టుపక్కల మైకుసెట్టు నడిపాడు. పెండ్లి, బోనాలు, ఓట్ల ప్రచారం, ఏదైనా సరే. ఏ ఘట్టానికి ఏ పాట పడాలో పురోహితుల కంటే తనకే ఎక్కువ తెలుసని ఆయన నమ్మకం. పురోహితుల నమ్మకం వేరు. చూపు పోయాక ఆ క్యాసెట్లన్నిటినీ కూతురు నవత కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోను కార్డులో పెట్టింది. ఊరికే పెట్టలేదు. ప్రతి పాట ఫైలు లోపలా వివరాలు రాసుకునే గళ్లు ఉంటాయి. వాటిలో పాట పేరు, పాడినవాళ్ల పేరు, ఏ సందర్భానికి వేయాలో తెలుగులో రాసింది. గళ్లు మిగిలితే తన మాటలు కూడా నింపింది. "అప్పగింతల పాట. అవ్వ ఇంట్ల ఉంటే పెట్టకు, ఏడుస్తది." "ఇది మంచిగలేదు బాపూ, నువ్వే మంచిగుందంటవ్." ఫోను వీటన్నిటినీ బస్టాండులో బస్సుల వేళలు చెప్పినట్టు, ఒకే గొంతుతో చదివేది.

సాయంత్రమైతే హనుమండ్లు అరుగు మీద చిన్న స్పీకరు పెట్టుకుని కూర్చునేవాడు. గల్లీ ఆడవాళ్లు ఏ పాట అడిగినా వేలితో జరుపుకుంటూ, వింటూ, పట్టుకునేవాడు. ఆయనకు కళ్లు కనబడవన్న సంగతి గల్లీ మరిచిపోయింది. అప్పుడప్పుడు ఆయన కూడా మరిచిపోయి గుమ్మానికి తగులుకునేవాడు.

ఆ ధైర్యంతోనే నవత ఆదిలాబాద్ గురుకులంలో టీచరు ఉద్యోగానికి ఒప్పుకుంది. ఇంతకుముందు వచ్చిన ఉద్యోగాన్ని "బాపును ఎవరు చూస్తరు" అని వదిలేసింది. ఈసారి సోమవారం నాటికి చేరకపోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. మళ్లీ పిలుపు వచ్చే వయసు కూడా ఆమెకు దాటిపోతోంది.

ఆదివారం పొద్దున హనుమండ్లు ఎప్పటిలాగే తెర మీద వేలు పెట్టాడు.

"ట్రాక్ ఒకటి. కళాకారుడు తెలియదు. ఆల్బమ్ తెలియదు" అంది ఫోను.

వేలు జరిపాడు. "ట్రాక్ రెండు. కళాకారుడు తెలియదు." ఇంకా కిందికి పోయాడు. ఎంత దూరం పోయినా ఫోనుకు ఎవరూ తెలియదు. హనుమండ్లు దాన్ని ఒళ్లో బోర్లించాడు. తర్వాత మెల్లగా కొడుకును పిలిచాడు.

"సంపతూ, ఇటు రారా. తలుపు దగ్గరికెయ్యి."

బీమా ఆఫీసులో పనిచేసే సంపత్ ఆ వేళకు కారు తుడుస్తున్నాడు. ఈ మధ్యే కొన్న కారు. పాత కారే అయినా ఇంట్లో ఆ మాట ఎవరూ అనడానికి వీల్లేదు. ఇవాళ దాన్ని కొండగట్టు తీసుకుపోయి పూజ చేయించాలి. గుడ్డ భుజాన వేసుకుని వచ్చి, తలుపు వేశాడు.

"నా సెల్లు ముట్టినవా?"

"ముట్టిన బాపూ!" సంపత్ మొహం వెలిగిపోయింది. "నీకు చెప్పకుండ చేద్దామనుకున్న. మన కారుల టేపు నీ పాటలు తీస్కుంటలేదు. అవి ఫ్లాక్ అని వేరే రకం ఫైళ్లట. ఎంపీత్రీ అయితెనే మోగుతయట. మా ఆఫీసుల గోపాల్ ఒక యాప్ చెప్పిండు. కార్డుల ఉన్నయన్ని మార్చిన, పెన్‌డ్రైవ్‌ల సుత ఏసిన. ఇయ్యాల కొండగట్టు దాక నీ పాటలే!"

"వీటికి పేర్లు లెవ్వురా."

"ఎందుకు లెవ్వు? పాటలు అవే గద."

"పాటలు అవే. పేర్లే లెవ్వు."

సంపత్ ఫోను తీసి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. మార్చే ముందు యాప్ ఒక ప్రశ్న అడిగింది, పాట వివరాలు కూడా కొత్త ఫైల్లోకి తేవాలా అని. తెర మీద ప్రశ్న ఏది వచ్చినా చదవకుండా తోసేయడం సంపత్‌కు అలవాటు. ఆఫీసులో జనం చేత సంతకాలు పెట్టించేది కూడా అట్లాగే. ఈ ప్రశ్ననూ తోసేశాడు. చివర్లో, పాత ఫైళ్లు తీసేయమంటారా అని ఇంకో ప్రశ్న వచ్చింది. కార్డు నిండిపోయింది కాబట్టి దానికి మాత్రం శ్రద్ధగా అవునని చెప్పాడు.

"నవత ల్యాప్‌టాప్‌ల ఉంటయ్ గద బాపూ?"

"అది కాలిపోయె నిరుడు. ఉన్నదంత ఈ కార్డులనే ఉండె."

సంపత్ మంచం అంచు మీద కూలబడ్డాడు. భుజం మీది తడిగుడ్డ నుంచి నీళ్లు దుప్పటి మీద పడుతున్నాయి.

"ఇగో ఇను" అన్నాడు హనుమండ్లు, గొంతు తగ్గించి. "ఇది నవతకు తెల్వద్దు. రేపు అది బస్సెక్కెదాక నువ్వు నోరు తెర్వకు. తెలిస్తే మళ్ల పోనంటది. పోయినసారి నా కండ్లు అడ్డం పడ్డయ్. ఈసారి ఇంకోటి అడ్డం పడొద్దు."

"నాకు అబద్ధం రాదు బాపూ."

"బీమా అమ్ముతవ్ గదరా."

గండం మొదట ఎదురింటి అరుగు మీది నుంచి వచ్చింది. అనసూర్య వాకిలి ఊడుస్తూ కేకేసింది. "హన్మండ్లన్నా! గా వానపాట జర పెట్టరాదు, ఊడ్సుకుంట ఇంట."

"ఇయ్యాల వద్దమ్మా. గొంతు మంచిగ లేదు."

"నీ గొంతుతోని ఏం పని? పాడేది నువ్వా?"

లోపల బట్టలు సర్దుకుంటున్న నవత చేతిలో చీరతోనే బయటికి వచ్చింది. తండ్రి పాట పెట్టనన్న రోజు ఆమెకు గుర్తు లేదు. అమ్మమ్మ పోయిన రోజు కూడా పదకొండో రోజుకు ఏది బాగుంటుందో వెతికి పెట్టుకున్నాడు.

"బాపూ, పాణం మంచిగుందా? షుగర్ చూడాల్నా?"

"మంచిగున్న బిడ్డా. ఊకె బుద్ధి పుడ్తలేదు."

"సెల్లు ఇటియ్యి, నేను పెడ్త."

"చార్జింగ్ లేదు దానికి!" అన్నాడు సంపత్ అవసరమైనదాని కంటే రెట్టింపు గొంతుతో.

నవత అన్న వైపు చూసింది. బాపు ఫోనులో చార్జింగ్ ఎంతుందో అన్నకు తెలియడం ఆ ఇంట్లో ఇదే మొదలు. లస్మవ్వ వంటింట్లోంచి అందుకుంది. "రేపు ఆదిలాబాద్ ఎల్లిపోయేదానికి ఇయ్యాల ఎందుకే గింత ఫికరు? ఉన్న ఊర్లె బడులే లెవ్వా? ఆడ ఒక్కదానివి ఏం తింటవో, ఎట్లుంటవో..." ఈ పాట ఆమె రోజూ పాడేదే. దానికి ఫోను అక్కర్లేదు.

తొమ్మిదింటికి కారు బయలుదేరింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయొద్దని సంపత్ అందరికీ చెప్పాడు. అందుకని కారు మలుపు తిరిగిన ప్రతిసారీ వెనకున్న ముగ్గురూ ఒకరి మీదికొకరు జారారు. ముందు సీట్లో హనుమండ్లు. వెనక లస్మవ్వ, మధ్యలో నవత, ఆ పక్కన సంపత్ భార్య అలేఖ్య. ఈ కుట్ర గురించి అలేఖ్యకు ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో చెప్పాల్సినవాళ్లకు చెప్పకపోవడం ఒక పద్ధతి.

గంగాధర దాటాక నవత అంది. "అన్నా, పాటలు పెట్టవా? టేపు గురించి వారం సంది ఒకటే చెప్తివి."

"ఖరాబైంది."

"అయ్యో, నిన్న రాత్రి గల్లీ అంత లేశేటట్టు వాగింది గదనయ్యా!" అంది అలేఖ్య.

"గట్ల వాగబట్టే ఖరాబైంది."

"నువ్వు మీట ఒత్తలేదు గంతే" అని అలేఖ్య సీట్ల మధ్యలోంచి చెయ్యి చాచి ఒత్తేసింది. టేపు ఏ లోపమూ లేకుండా మోగింది. పదిమంది ఆడవాళ్లు కలిసి పాడుతున్న పాత అప్పగింతల పాట. రెండో చరణం దాకా ఆగకుండా లస్మవ్వ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. సంపత్ ఆపబోయాడు గానీ ఎదురుగా లారీ వస్తోంది.

నవత ముందుకు వంగి చిన్న తెర చూసింది. దాని మీద ట్రాక్ ఒకటి అని ఉంది. కింద, అన్‌నోన్ ఆర్టిస్ట్.

తండ్రి చొక్కా జేబులోంచి ఫోను తీసింది. చార్జింగ్ నిండుగా ఉంది. తెర మీద వేలు పెట్టింది.

"ట్రాక్ ఒకటి. కళాకారుడు తెలియదు" అంది ఫోను. "ట్రాక్ రెండు. కళాకారుడు తెలియదు. ట్రాక్ మూడు."

కారు కొండగట్టు కింద బండ్ల వరసలో చేరి ఆగింది. ముందు ట్రాక్టరు, వెనక పూలదండ వేసుకున్న ఇంకో కారు. ఎటూ కదలడానికి లేదు.

"ఎవరు చేసిన్రు ఇది?" అంది నవత.

కారులో ఉన్నది ఐదుగురు. ఒకరికి చూపు లేదు, ఒకరికి ఫోను ఎత్తడమే రాదు, ఒకరు ఇప్పుడే మీట ఒత్తి అందరినీ పట్టిచ్చారు. అనుమానించడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు.

"నేనే" అన్నాడు సంపత్, స్టీరింగ్ వైపు చూస్తూ. "ఎంపీత్రీ చేసిన."

"వివరాలు తేవాల్నా అని అడుగుతది అది. అడగలేదా?"

"అడిగింది."

"ఏమన్నవ్?"

"ఏమనలే. తీసేసిన."

"పప్పు ఒక డబ్బాల నుంచి ఇంకో డబ్బాల పోసినప్పుడు పప్పు ఒక్కటే పోస్తరా అన్నా? పాత డబ్బ మీద అతికించిన చిట్టి సుత తీసి కొత్తదానికి అతికిస్తరు. కండ్లున్నోళ్లకైతే చిట్టి లేకున్న నడుస్తది, మూత తీసి చూస్కుంటరు. బాపు ఏం చూస్కుంటడు?" ఆమె ముందు సీటు వైపు వంగింది. "బాపూ, నీకు ఎప్పుడు తెల్సింది?"

"పొద్దుగాల."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తువు?"

"పోకపోదును."

"గందుకే చెప్పలే."

"అయితే ఇప్పుడు సుత పోను. అన్ని మళ్ల రాసేదాక ఏడికీ పోను. ఉద్యోగం పోతే పోనీ."

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే పోరిన లస్మవ్వ, తీరా అది వినబడ్డాక సంతోషించాల్సింది పోయి కొంగు నోటికి నొక్కుకుంది.

హనుమండ్లు వెనక్కి తిరిగాడు. కూతురు ఎక్కడ కూర్చుందో అంచనా తప్పి, కోడలి మొహంలోకి నేరుగా చూస్తూ కోపంగా అన్నాడు. "పోయినసారి నువ్వు ఆగినప్పుడు గల్లీ గల్లీ నిన్ను మెచ్చుకుంది. మంచి బిడ్డ అన్నరు. నన్ను చూసి అయ్యో అన్నరు. గా అయ్యో ఇంకొక్కసారి నేను ఇనలేను బిడ్డా. కండ్లు పోతె ఓర్సుకున్న. నా వల్ల నీ బతుకు పోయిందంటె ఓర్సుకోను."

మామ తనతోనే అంటున్నట్టుంది కాబట్టి అలేఖ్య భయంగా తలూపింది.

"నేను రాస్త" అన్నాడు సంపత్ హఠాత్తుగా. "అన్ని నేనే మళ్ల రాస్త."

నవత నవ్వింది. మంచి నవ్వు కాదు. "నువ్వా? బాపు కాడ కూసొని ఒక్క పాటన్న పూర్తిగ ఇన్నవా ఎన్నడన్న?"

"ఇననిచ్చిన్రా?"

సంపత్ ఇంత గట్టిగా అంటాడని ఎవరూ అనుకోలేదు. ముందు ట్రాక్టరు మీద కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు.

"రెండేండ్లు మీరిద్దరు తలుపేసుకొని రాసిన్రు. లోపల ఒకటే నవ్వు. నేనొస్తె బంద్. ఏం రాస్తున్రే అంటె, ఏం లేదన్నా, నీకు సమజ్ గాదు అంటివి. మేం బయట కూసొని టీవీ సౌండు పెంచుకునుడు. ఇది ఖరాబు చేద్దామని చేసిననా నేను? నేను పెట్టిన పాట బాపు ఒక్కసారన్న ఇంటె సూద్దామనుకున్న. కారు సుత గందుకే కొన్న."

"మైలేజీకి అన్నవ్ గద" అంది అలేఖ్య.

"మైలేజీకి సుత."

ఎవరో అద్దం తట్టారు. పళ్లెంలో నిమ్మకాయలు, కుంకుమ పట్టుకుని పూజారి నిలబడ్డాడు. "ఎవరి పేరు మీద చెయ్యాలె? గోత్రం?"

"జర ఆగు పంతులూ" అన్నాడు సంపత్, కళ్లు తుడుచుకుంటూ. పూజారి లోపలికి ఒకసారి చూశాడు. కొత్త బండ్లతో వచ్చే కుటుంబాలను ఆయన చాలా చూశాడు. వెనక కారు దగ్గరికి పోయాడు.

నవతకు ఒక సాయంత్రం కళ్ల ముందు కదిలింది. అన్న రెండు చాయ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తాను ఫోను బోర్లించింది. కప్పులు అక్కడ పెట్టి అతను వెళ్లిపోయాడు. అన్నకు ఓపిక లేదు, అన్ననెందుకు అడగడం అనుకుంది. తాను పోయాక బాపుకు ఏ లోటూ ఉండొద్దని అంతా సర్దానని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉంది. ఆ పని ఇంట్లో ఇంకొకరికి రావాలన్న ఆలోచనే ఒక్కనాడూ రాలేదు. వస్తే తనకు అంత నచ్చేది కాదేమో కూడా.

"సంపతూ" అన్నాడు హనుమండ్లు. ఈసారి సరైన వైపే తిరిగాడు. "మొదటి పాట మళ్ల పెట్టు. సెల్లు నీ చేతిల వట్టుకో."

పాట మొదలైంది. రెండు మాటలు వినబడగానే పెద్దాయన చెయ్యెత్తాడు. "ఆపు. రాయి. అప్పగింతల పాట. మెట్‌పల్లి బీడీలు చేసే ఆడోళ్లు పాడిన్రు. నేనే మైకు వట్టిన."

"మెట్‌పల్లి గాదు" అంది లస్మవ్వ కొంగులోంచి. "కోరుట్ల."

"నీకేం తెలుసు? నువ్వున్నవా ఆడ?"

"లేకుంట ఎట్ల పాడిన? మన పెండ్లి గాకముందు ముచ్చట. ఎనక సన్నగ ఇనబడే గొంతు నాది గదా!"

కారంతా ఆమె వైపు తిరిగింది. సంపత్ పాటను మళ్లీ పెట్టాడు. పదిమంది గొంతుల వెనక, కొంచెం ఆలస్యంగా అందుకుంటూ, ఒక సన్నని గొంతు. ఈ పాట మోగినప్పుడల్లా ఆమె ఎందుకు ఏడుస్తుందో ఎవరికీ తెలియదు. సున్నితమైన మనసని అనుకున్నారు.

"గిన్నేండ్ల సంది చెప్పకపోతివేమే?" అన్నాడు హనుమండ్లు.

"ఎవలన్న అడిగిన్రా?" అంది లస్మవ్వ. "తండ్రి బిడ్డ కూసొని రాసుకుంటున్రు. అన్ని మీకే ఎరుకాయె."

సంపత్ ఫోను మీద వంగాడు. రెండు వేళ్లతో, నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. "పాడినోళ్లు... లస్మవ్వ... ఇంకెవలెవలు అవ్వా?"

"పోశవ్వ ఉండె. మా చిన్నమ్మ ఉండె. ఆగు, ఇంకొగామె, పేరు యాదికొస్తలేదు."

"జర మెల్లగ చెప్పు. ఇది ఎటెటో పోతుంది."

అతను రాసేది తప్పుల తడక. పాట పేరు రాయాల్సిన గడిలో తల్లి పేరు పెట్టాడు. సందర్భం రాయాల్సిన చోట కోరుట్ల అని రాశాడు. నవత చెయ్యి దానంతటదే సీట్ల మధ్యలోంచి ముందుకు పోయింది. ఇటియ్యి, నేను రాస్త అన్న మాట నోటి దాకా వచ్చింది. అన్న భుజం దగ్గర ఆ చెయ్యి కాసేపు ఆగింది. బాపు తల అన్న వైపు వంగి ఉంది. అవ్వ ముందుకు జరిగి, ఇద్దరి మధ్యలో మొహం పెట్టి, చెప్పినదే మళ్లీ చెబుతోంది. నవత చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. తీసుకున్నాక దాన్ని ఇంకో చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

ముందు ట్రాక్టరు కదిలింది. వెనక కారు హారన్ కొట్టింది. సంపత్‌కు వినబడలేదు.

"అవ్వా" అంది నవత. "ఆదిలాబాద్‌ల సలి బగ్గ పెడ్తదట. నా స్వెట్టర్ యాడుందో నీకేమన్న ఎరుకా?"

లస్మవ్వ వెనక్కి తిరగలేదు. కిటికీ వైపు మొహం పెట్టుకుంది.

"బ్యాగుల అడుగున చూడు" అంది. "నిన్ననే పెట్టిన."